మెదడులో సెంట్రింగ్ విప్పేదెవరు?

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తాతకి ఏ జబ్బూ లేదు. ఆయన ఇద్దరు కూతుళ్లూ ఒక కొడుకూ చక్కగా చదువుకున్నారు, ఉద్యోగాల్లో స్థిరపడ్డారు, పెళ్లిళ్లయ్యాయి. పెద్దకూతురి కొడుక్కి నాలుగేళ్లొచ్చినా మాట రాలేదు. నడిస్తే కాళ్లు తడబడతాయి, ఫిట్స్ వస్తుంటాయి, కారణం ఉన్నా లేకపోయినా నవ్వుతుంటాడు. చిన్నకూతురి పాపకీ అదే పరిస్థితి. కొడుకు పిల్లలు మాత్రం హాయిగా బడికి వెళ్తున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లు తలో మాటా అంటారు. దిష్టి అని ఒకరు, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసి ఉంటుందని ఒకరు, మేనరికమేమోనని ఇంకొకరు. అసలు సంగతి తాత దగ్గరుంది. ఆయన పదిహేనో క్రోమోజోమ్‌లో ఒక జన్యువు దెబ్బతింది. ఆ దెబ్బ ఆయన జోలికి రాలేదు, ఆయన పిల్లల జోలికీ రాలేదు. కూతుళ్ల కడుపున పుట్టిన పిల్లల దగ్గరికి వచ్చేసరికి బయటపడింది.

ఆ జన్యువు పేరు యూబీఈ3ఏ. దాని ఆదేశంతో తయారయ్యే ఎంజైము కొత్తగా దేన్నీ కట్టదు. కణంలో పని అయిపోయిన కొన్ని ప్రొటీన్లను ఎంచి, ఇక వీటిని తీసేయండని గుర్తు పెడుతుంది. అంత చిన్న పని ఆగితే ఒక మనిషికి జీవితాంతం మాట రాకపోవడమేమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మెదడు ఎలా ఎదుగుతుందో చాలావరకు తెలిసిపోతుంది.

మెదడు ఎదుగుదల గురించి మనం చదివేదంతా కట్టడం గురించే. కణాలు పుట్టాయి, కొమ్మలు వేశాయి, ఒకదానితో ఒకటి కలిశాయి అని చెప్పి వదిలేస్తాం. కానీ ఇల్లు కట్టించినవాళ్లకి ఇంకో సంగతి తెలుసు. స్లాబు పోశాక సెంట్రింగ్ విప్పడానికి మేస్త్రీ రోజులు లెక్కపెడతాడు. తొందరపడి విప్పితే స్లాబు కుంగుతుంది, విప్పకుండా వదిలేస్తే ఆ గదిలో కాపురం చేయలేం. ఎదిగే నాడీకణంలో చాలా ప్రొటీన్ల బతుకు ఆ చెక్కల బతుకే. అవి కొంతసేపు ఉండి తీరాలి, ఆ తర్వాత పోయి తీరాలి. ఎప్పుడు పోవాలో తేల్చేది ఎంజైములు.

విరగ్గొట్టడానికి శక్తి ఎందుకు?

ఈ కథ మూలాల్లో మన భీమవరం మనిషి ఉన్నాడు. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పగానే యాంటీబయాటిక్స్, ఫోలిక్ యాసిడ్ గుర్తుకొస్తాయి. అంతకు ముందే హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన చేసిన పని జీవరసాయన శాస్త్రానికే పునాదిరాయి. ఒంట్లోని ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ఇచ్చారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. కణం దాదాపు ఏ పని చేసినా ఖర్చుపెట్టేది ఏటీపీనే అని తర్వాత తేలింది.

ప్రొటీన్ తయారీకి శక్తి ఖర్చవుతుందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆశ్చర్యం 1953లో వచ్చింది. మెల్విన్ సింప్సన్ ఎలుక కాలేయం ముక్కల మీద ప్రయోగం చేస్తూ, శక్తి సరఫరా ఆపితే ప్రొటీన్లు విరగడం కూడా తగ్గిపోతోందని గమనించాడు. మనం తిన్న పప్పులోని ప్రొటీన్‌ను అరిగించే ఎంజైములకు ఏటీపీ అక్కర్లేదు. మరి అదే పని కణం లోపల జరిగితే ఎందుకు కావాలి? అప్పట్లో అందరి చూపూ డీఎన్ఏ మీద, ప్రొటీన్ తయారీ మీద ఉంది. విరగడం గురించి పట్టించుకున్న తలలు తక్కువ. ఈ చిక్కు పాతికేళ్లు అలాగే ఉండిపోయింది.

విప్పింది ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో, టెక్నియన్ సంస్థలో పనిచేసే అవ్రామ్ హెర్ష్‌కో, ఆయన విద్యార్థి ఆరన్ చీకనోవర్, ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ క్యాన్సర్ కేంద్రంలో ఉన్న అర్విన్ రోజ్. కుందేలు రక్తంలోని లేత ఎర్రకణాలను చితక్కొట్టి, ఆ రసాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగం లేకపోతే ప్రొటీన్ విరగడం ఆగుతుందో చూశారు. 1978లో వేడికి చెడని ఒక చిన్న ప్రొటీన్ దొరికింది. విరగబోయే ప్రొటీన్లకు అది గట్టిగా అతుక్కుంటోందని 1980లో తేలింది. అది అప్పటికే వేరే సందర్భంలో కనిపించి, ఉపయోగం తెలియక పక్కన పడి ఉన్న యుబిక్విటిన్ అనీ అదే ఏడాది గుర్తుపట్టారు. 76 అమైనో ఆమ్లాల గొలుసు. రొట్టెపిండిని పొంగించే ఈస్టులోనూ ఉంది, మనలోనూ ఉంది. రెండింటికీ తేడా మూడంటే మూడు చోట్ల.

పద్ధతి ఇదీ. మొదటి ఎంజైము ఏటీపీని ఖర్చుపెట్టి యుబిక్విటిన్‌ను సిద్ధం చేస్తుంది. రెండోది దాన్ని అందుకుంటుంది. మూడోది, అంటే లైగేజ్, ఎవరికి అతికించాలో తేలుస్తుంది. ఒకదాని వెనక ఒకటిగా నాలుగైనా అతుక్కున్నాక ఆ ప్రొటీన్ ప్రొటియసోమ్ అనే పీపా ఆకారపు యంత్రంలోకి వెళ్లి ముక్కలవుతుంది. మనిషిలో మొదటి రకం ఎంజైములు రెండే. రెండో రకం నలభై దాకా ఉంటాయి. మూడో రకం ఆరు వందలకు పైనే. సింప్సన్ చిక్కుకి జవాబు ఈ అంకెల్లోనే ఉంది. కణం శక్తిని ఖర్చుపెట్టేది విరగ్గొట్టడానికి మాత్రమే కాదు, ఏది విరగాలో ఎంచడానికి కూడా. 2004లో ఆ ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఈ ప్రొటియసోమ్ యంత్రాన్ని కావాలని ఆపే మందు కూడా ఉంది. మైలోమా అనే రక్త క్యాన్సర్‌కి ఇచ్చే బోర్టెజోమిబ్ పని అదే. హైదరాబాద్ కంపెనీలూ దాన్ని తయారుచేస్తున్నాయి. ఆ ఇంజెక్షన్లు తీసుకున్న పెద్దవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే, అరికాళ్లలో తిమ్మిరీ మంటా అనడం వినే ఉంటారు. నరాల మీద దానికున్న దుష్ప్రభావం అందరు వైద్యులకూ తెలిసిందే.

పొడవు పెరగనివ్వని ఎంజైము

నాడీకణం మిగతా కణాల్లాంటిది కాదు. చర్మకణం పాతబడితే రాలిపోయి కొత్తది వస్తుంది. మెదడులోని 8,600 కోట్ల నాడీకణాల్లో దాదాపు అన్నీ పుట్టాక మళ్లీ విభజన చెందవు. ఒక్కో కణానికీ కబురు పంపే తీగ ఒకటుంటుంది, దాన్ని ఆక్సాన్ అంటారు. కబురు అందుకునే కొమ్మలు చాలా ఉంటాయి, అవి డెండ్రైట్లు. వెన్ను దిగువ నుంచి పాదం దాకా వెళ్లే ఆక్సాన్ పొడవు ఒక మీటరు దాకా ఉండొచ్చు. ఆ తీగ ఎంతవరకు సాగాలి, ఎక్కడ ఆగాలి?

కణ విభజనలో ఏపీసీ అనే పెద్ద లైగేజ్ ఉంది. అనాఫేజ్ ప్రమోటింగ్ కాంప్లెక్స్ అని దాని పూర్తి పేరు. క్రోమోజోమ్‌లు విడిపోయే ఘట్టాన్ని ముందుకు నెట్టేది కాబట్టి ఆ పేరు పెట్టారు. విభజనే లేని నాడీకణంలో దానికి పని ఉండకూడదు. కానీ 1999లో వెతికితే అక్కడ నిక్షేపంగా ఉంది, పని చేసే స్థితిలోనే ఉంది. ఎందుకుందో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు.

హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆజాద్ బోనీ బృందం ఎలుక పిల్లల చిన్నమెదడు నుంచి గ్రాన్యూల్ కణాలను తీసి గాజు పళ్లెంలో పెంచింది. మెదడులో అతిచిన్న కణాల్లో ఇవి ఒకటి. పళ్లెంలో దిగిన కొన్ని రోజులకు సన్నటి తీగ ఒకటి, పొట్టి కొమ్మలు కొన్ని వేస్తాయి. ఏపీసీకి లక్ష్యాన్ని చూపించే సీడీహెచ్1 అనే తోడు ప్రొటీన్‌ను ఆ కణాల్లో తగ్గించి చూశారు. ఆక్సాన్లు మామూలుకంటే పొడుగ్గా సాగిపోయాయి. ఇంకో మెలిక కూడా పెట్టారు. పెద్దవాళ్ల వెన్నుపాము దెబ్బతింటే తీగలు మళ్లీ మొలవకపోవడానికి ఒక కారణం, చుట్టూ ఉన్న మైలిన్ పొర. దాన్ని తాకిన ఆక్సాన్ ఎదగడం మానేస్తుంది. అదే మైలిన్‌ను పళ్లెంలో పరిచి చూస్తే, సీడీహెచ్1 లేని కణాలు దాన్ని లెక్కచేయకుండా సాగాయి. వినగానే శుభవార్తలా ఉంటుంది. కానీ ఎదిగే చిన్నమెదడు ముక్కల్లో అదే పని చేస్తే తీగలు ఒక వరసలో సాగాల్సింది పోయి దారితప్పి అడ్డదిడ్డంగా పోయాయి. అంటే ఆ ఎంజైము అడ్డం ఉన్నందువల్లే తీగలు వరసలో ఉంటున్నాయి. ఈ పరిశోధన 2004లో సైన్స్ పత్రికలో వచ్చింది.

ఐదేళ్లకి అదే బృందం ఇంకో ముడి విప్పింది. ఇదే ఏపీసీకి సీడీసీ20 అనే వేరే తోడు దొరికితే డెండ్రైట్ల ఎదుగుదలను ముందుకు తోస్తుంది. ఒక తోడుతో తీగకు పగ్గం, ఇంకో తోడుతో కొమ్మలకు ఊతం. ఈ రంగంలో నన్ను బాగా కట్టిపడేసిన సంగతి ఇదే. కొత్త అవయవానికి కొత్త పనిముట్టు తయారుచేసుకోకుండా, కణ విభజనలో వాడే పాత ఎంజైమునే తోడు మార్చి వాడుకుంటోంది ప్రకృతి.

ఈగల్లోనూ ఇలాంటిదే దొరికింది. పండ్ల మీద వాలే చిన్న ఈగలో హైవైర్ అనే లైగేజ్ చెడితే, నరం కండరాన్ని తాకే చోట కలయికలు విపరీతంగా పుట్టుకొస్తాయని 2000లో చూపించారు. కలయికలు పెరిగాయి కదా, కబురు గట్టిగా అందాలి. అందలేదు, బలహీనపడింది. ఎక్కువ ఉంటే మంచిదన్న లెక్క మెదడు దగ్గర పనిచేయదు. హైవైర్ అదుపులో పెట్టే ఇంకో ఎంజైముకి వాలెండా అని పేరు. గాలిలో తాడు మీద నడిచే సర్కస్ కుటుంబం పేరు అది. ఈగ జన్యువులకు పేర్లు పెట్టేవాళ్లకి సరదా ఎక్కువ.

వెరోనా బొమ్మ, వారింగ్టన్ పిల్లలు

ఇక యూబీఈ3ఏ. ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో హ్యారీ ఏంజెల్‌మన్ అనే పిల్లల డాక్టరు దగ్గరికి వేర్వేరు సమయాల్లో ముగ్గురు పిల్లలు వచ్చారు. మాట లేదు, నడక కుదుపులతో సాగుతుంది, ముఖాన నవ్వు చెదరదు. ముగ్గురిదీ ఒకటే జబ్బని ఆయనకు అనిపించింది. రుజువు చేయడానికి ఆ రోజుల్లో పరీక్షల్లేక రాయడానికి వెనకాడాడు. ఇటలీ విహారానికి వెళ్లినప్పుడు వెరోనాలోని కాస్టెల్‌వెక్యో మ్యూజియంలో జొవన్నీ ఫ్రాంచెస్కో కరోటో గీసిన పటం చూశాడు. బొమ్మ పట్టుకుని నవ్వుతున్న కుర్రాడు. ఆ ప్రేరణతో 1965లో ‘కీలుబొమ్మ పిల్లలు’ అనే పేరుతో వ్యాసం రాశాడు. పటంలోని కుర్రాడి చేతిలో ఉన్నది కీలుబొమ్మ కాదు, కాగితం మీద పిల్లలు గీసే గీతల మనిషి. తల్లిదండ్రులకు ఆ పేరు నచ్చలేదు, నచ్చకపోవడం న్యాయమే. 1980ల్లో దాన్ని తీసేసి ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అన్నారు. సుమారు 12,000 నుంచి 20,000 మందిలో ఒకరికి వస్తుందని అంచనా.

ఎంజైము మాత్రం ఇంకో దారిలో దొరికింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్, మన కణాల్ని క్యాన్సర్ నుంచి కాపాడే పీ53 ప్రొటీన్‌ను మాయం చేస్తుంది. ఎలాగని చూస్తే, మన కణంలోని లైగేజ్‌నే మచ్చిక చేసుకుని పీ53 మీద గుర్తు పెట్టిస్తోంది. 1990ల మొదట్లో బయటపడ్డ ఆ లైగేజే యూబీఈ3ఏ. 1997లో రెండు అమెరికన్ బృందాలు ఏంజెల్‌మన్ పిల్లల్లో చెడింది ఇదే జన్యువని తేల్చాయి.

ఇప్పుడు తాత సంగతికి వద్దాం. దాదాపు ప్రతి జన్యువుకూ మనకు రెండు కాపీలు వస్తాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. యూబీఈ3ఏ విషయంలో నాడీకణాలు నాన్న కాపీని నోరెత్తనివ్వవు. ఆ కాపీకి ఎదురు దిశలో పొడవాటి ఆర్ఎన్ఏ ఒకటి తయారై దాన్ని అణిచేస్తుంది. ఒంట్లో మిగతా చాలా చోట్ల రెండు కాపీలూ పనిచేస్తాయి, నాడీకణాల్లో అమ్మదొక్కటే. అందుకే తాత నుంచి చెడ్డ కాపీ అందుకున్న కూతుళ్లకు ఏమీ కాలేదు. వాళ్లకది నాన్న కాపీ, ఎలాగూ నిద్రలోనే ఉంటుంది. అదే కాపీని వాళ్లు బిడ్డకిస్తే అది అమ్మ కాపీ అవుతుంది. ఒక్కో కాన్పులో అలా జరగడానికి సగం అవకాశం. బిడ్డ వైపు నుంచి చూస్తే పెద్దమ్మ పిల్లలకీ పిన్ని పిల్లలకీ ముప్పు ఉంది, మేనమామ పిల్లలకు లేదు. మేనమామ కూతురి దగ్గర అది మళ్లీ దాక్కుని ఉండొచ్చు. ఆమె మేనరికం చేసుకున్నా, బయటి సంబంధం చేసుకున్నా ఆమె పిల్లలకు అదే సగం ముప్పు. మన బంధుత్వాల పేర్లు తెలిసినవాళ్లకి ఈ జన్యుశాస్త్రం చెప్పడం ఇంగ్లిష్‌వాళ్లకి చెప్పడంకంటే తేలిక.

ఇలా వంశంలో నడిచేవి తక్కువ. పదిమందిలో ఏడుగురిలో అమ్మ నుంచి వచ్చిన పదిహేనో క్రోమోజోమ్‌లో ఒక ముక్కే లేకుండా పోతుంది. చాలావరకు అది కొత్తగా, యాదృచ్ఛికంగా జరిగేదే. తల్లి తిన్నదానికీ, చూసినదానికీ, చేసినదానికీ దాంతో సంబంధం లేదు. దగ్గరి సంబంధాల వల్ల వచ్చే జబ్బులు వేరే చాలా ఉన్నాయి, ఇది వాటిలోది కాదు. అదే ముక్క నాన్న క్రోమోజోమ్‌లో పోతే జబ్బే మారిపోతుంది. పసితనంలో ఒళ్లు మెత్తగా వేలాడి, తర్వాత ఎంత తిన్నా తీరని ఆకలి పట్టుకునే ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ అది.

పరీక్ష దగ్గర ఒక జాగ్రత్త అవసరం. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ లాంటి చోట్ల జన్యు వైద్యులున్నారు. ఈ జబ్బుకి సాధారణంగా ముందు రాసేది, డీఎన్ఏ మీది రసాయన గుర్తులను చూసే మిథైలేషన్ టెస్ట్. రక్తంతో చేసే ఆ పరీక్షకి సుమారు 80 శాతం కేసులు దొరుకుతాయి. మనం మొదట చెప్పుకున్న కుటుంబం మాత్రం దొరకదు. అక్కడ జన్యువులో అక్షరమే చెడింది, మిథైలేషన్ గుర్తులన్నీ సరిగ్గానే ఉంటాయి. రిపోర్టు నార్మల్ అని వచ్చినా లక్షణాలు అవే అయితే జన్యువును చదివించి చూడాల్సిందే. మళ్లీ కాన్పు గురించి ఆలోచించే తల్లికి ఈ తేడా చాలా ముఖ్యం.

ఒక ఫాస్ఫేటు చేసే పని

ఎంజైము లేకపోతే కణంలో ఏమవుతుంది? ఎలుకల్లో చూసిన దాని ప్రకారం నాడీకణాలు పుడతాయి, తమ చోటికి చేరతాయి. పైకి అన్నీ బాగానే ఉంటాయి. అనుభవాన్ని బట్టి కలయికలు మారాల్సిన ఘట్టంలో తేడా వస్తుంది. కంటి నుంచి వచ్చే కబుర్లను అందుకునే ప్రాంతంలో, చూపు మొదలయ్యాక కలయికలు సర్దుకోవాలి. యూబీఈ3ఏ లేని ఎలుకల్లో ఆ సర్దుబాటు బిగుసుకుపోయిందని 2009లో తేలింది. విచిత్రమేమిటంటే వాటిని కొంతకాలం చీకట్లో ఉంచితే మారే గుణం తిరిగి వచ్చింది. యంత్రాంగం విరిగిపోలేదు, పట్టేసిందంతే. ఏంజెల్‌మన్ పిల్లలు పుట్టినప్పుడు మామూలుగా కనిపించి, ఏడాదిలోపు వెనకబడటం మొదలుపెట్టడం దీనికి సరిపోతుంది.

ఎంజైము ఎక్కువైనా చిక్కే. అమ్మ వైపు నుంచి ఆ ముక్క అదనంగా వచ్చిన పిల్లల్లో ఆటిజం ఎక్కువ. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం బృందం 2015లో దీని లోపలి మర ఒకటి చూపించింది. పీకేఏ అనే ఇంకో ఎంజైము యూబీఈ3ఏ మీద 485వ స్థానంలో ఒక ఫాస్ఫేటును తగిలిస్తే అది పని ఆపుతుంది. ఆటిజం ఉన్న ఒక బిడ్డలో ఆ స్థానంలోని అమైనో ఆమ్లమే మారిపోయింది. ఫాస్ఫేటు తగలడానికి చోటు లేదు, ఎంజైము ఆగదు. అదే మార్పును ఎలుక మెదడులో పెడితే డెండ్రైట్ల మీద ముళ్లలాంటి మొలకలు అతిగా వచ్చాయి. నాలుగు ఆక్సిజన్ పరమాణువులు, ఒక ఫాస్ఫరస్ పరమాణువు. ఫిస్క్, సుబ్బారావు 1925లో కొలిచింది ఆ ఫాస్ఫేటునే, పీకేఏ దాన్ని తీసుకునేది వాళ్ల ఏటీపీ నుంచే.

నిద్రపోతున్న కాపీని లేపితే

నాన్న కాపీ చెడిపోలేదు, నిద్రపోతోందంతే. దాన్ని లేపొచ్చు కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. నార్త్ కరోలినాలోనే రెండు వేలకు పైగా మందుల్ని ఎలుక నాడీకణాల మీద ఒక్కొక్కటిగా వేసి చూశారు. టోపోటెకాన్ అనే క్యాన్సర్ మందు ఆ కాపీని లేపిందని 2012లో ప్రకటించారు. క్యాన్సర్ మందును పసిపిల్లలకు ఏళ్ల తరబడి ఇవ్వలేం, కానీ దారి ఉందని తెలిసింది. 2015లో హూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల బృందం నాన్న కాపీని అణిచే ఆర్ఎన్ఏనే వెతికి పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలతో ఎలుకల్లో అదే ఫలితం సాధించింది. అలాంటి మందుల్ని ఇప్పుడు నడుములో సూదితో వెన్నుద్రవంలోకి ఎక్కించి పిల్లల మీద పరీక్షిస్తున్నారు. దారి సాఫీగా లేదు. 2020లో ఒక పరీక్షలో మందు తీసుకున్న ఐదుగురు పిల్లలకూ కాళ్లు బలహీనపడ్డాయి. పరీక్ష ఆపారు, పిల్లలు కోలుకున్నారు, మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు రెండు మందులు మూడో దశ పరీక్షల దాకా వచ్చాయి.

ఇంకో ప్రశ్న మిగిలి ఉంది, వయసు గురించి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఎలుకలకు వేర్వేరు వయసుల్లో ఈ జన్యువును తిరిగి పనిచేయించి చూశారు. కుర్ర వయసులో ఇచ్చినా నడక, కదలికలు బాగుపడ్డాయి. భయం, ఒకే పనిని పదేపదే చేయడం, ఫిట్స్ వచ్చే స్వభావం మాత్రం ఎదుగుదల తొలిదశలోనే ఇస్తేనే తగ్గాయి. ఎలుక లెక్క మనిషికి నేరుగా వర్తించదు. ఎలుక కుర్ర వయసు మన పిల్లల ఏ వయసుకి సమానమో కచ్చితంగా చెప్పగలిగేవాళ్లు లేరు. మూడో దశకు చేరిన మందుల్లో ఒకదాని పరీక్షలోకి నాలుగేళ్లు నిండిన పిల్లల్నే తీసుకున్నారు. చాలామంది పిల్లల్లో జబ్బు పేరు తెలిసేసరికే ఒకటి నుంచి నాలుగేళ్లు దాటిపోతున్నాయి, పుట్టగానే చేసే రక్తపరీక్షల జాబితాలో ఈ జబ్బు సాధారణంగా ఉండదు.